చుక్కల మధ్య అర మిల్లీమీటరు

ఇరవై రెండేళ్ళు నేను ఇతరుల కోసం స్లైడులు చేశాను. ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో, ఇంజనీరింగు కాలేజీ గేటు దగ్గర, ఒక జిరాక్సు మిషనూ రెండు కంప్యూటర్లూ పెడితే మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత ఇరుకు షాపు అది. సెమినార్లు, థీసిస్ బొమ్మలు, పోస్టర్లు, శుభలేఖలు, గది తలుపుల మీద పెట్టుకునే పేర్లు, ఏది వచ్చినా స్లైడులు చేసే ఆ ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే చేసేవాణ్ణి. ఇప్పుడు ఆ షాపు లేదు. నా కళ్ళు కూడా అంత బాగా లేవు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర కిటుకులు చాలానే ఉండేవి గాని, వాటి అవసరం ఇప్పుడు ఎవరికీ ఉన్నట్టు లేదు.

నేను రాయాల్సింది ఒక్క పని గురించి. ఇరవై ఆరు తలుపు ప్లేట్లు. అవి తప్పు ప్లేట్లు. ఆ తప్పు నాది. ఏడేళ్ళపాటు ఇంకొక మనిషి దాన్ని తన వేళ్ళ తప్పు అనుకుని బతికాడు. ఈ మాట రాతలో ఉండాలి.

ముందు గళ్ళ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో తెర మీద కంటికి కనపడని గళ్ళు ఉంటాయి. ఏ బొమ్మనైనా మౌస్‌తో పట్టి జరిపితే అది మనం వదిలిన చోట ఆగదు. దగ్గర్లో ఉన్న గడి గీతకి పోయి అతుక్కుంటుంది. చెయ్యి వణికినా గీత వంకర పోదు కాబట్టి నేర్చుకునేవాళ్ళకి బాగానే ఉంటుంది. కాని రెండు గీతల మధ్య ఎక్కడో ఒక చోట పెట్టాలంటే ఒప్పుకోదు. బాణం కొన పెట్టె అంచుకి తగలకుండా వెంట్రుకంత దూరంలో నిలబడిపోతుంది. థీసిస్ గడువు రోజుల్లో పిల్లలు సైకిళ్ళు అడ్డంగా పడేసి లోపలికి వచ్చేవారు. "గ్రిడ్ కాకూ, ఈ లైను కలవడం లేదు చూడండి!" అని. గ్రిడ్ అంటే ఈ గళ్ళే, కాకూ అంటే బెంగాలీలో బాబాయి. నాకు ఆ పేరు పెట్టింది వాళ్ళే. ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని జరిపితే గళ్ళు ఊరుకుంటాయి. ఈ ఒక్క ముక్క తెలిసినందుకు నన్ను పెద్ద నిపుణుడిలా చూసేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో రివెట్ల పని చేసి రిటైరయ్యాడు. ఖరగ్‌పూర్‌లో మా తెలుగు కుటుంబాల్లో సగం ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఆ పనే చేశారు. రేకు మీద కాగితం అంటించడం, కాగితం మీది గుర్తులకి పంచ్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యడం, ఆ గుంట మీద డ్రిల్లు పెట్టడం నాకు ఆయనే నేర్పాడు. రివెట్ల వరుసలో ఎడం సమానంగా ఉండాలి. చిన్నప్పుడు పాత బోగీల పక్కనుంచి నడుస్తుంటే ఆయన నన్ను ఆపేసేవాడు. "అదుగో సూడు, అక్కడొకటి తేడాగుంది" అనేవాడు. నాకు కనపడేది కాదు. పెద్దయ్యాక కనపడటం మొదలైంది. ఆ కన్నే నన్ను ముంచిందని ఇప్పుడు అనిపిస్తుంది.

షాపు యజమాని ఒక బెంగాలీ ఆయన. అన్నా అనడానికి బదులు నేను దాదా అని పిలిచేవాణ్ణి. మంచివాడే. ఒకరోజు ఊళ్ళోని ఒక పెద్ద ఆఫీసు నుంచి ఆయన ఆర్డరు పట్టుకొచ్చాడు. ఆ ఆఫీసు పేరు ఎత్తను, వాళ్ళ తప్పేమీ లేదు. ఇరవై ఆరు గదులకి ప్లేట్లు కావాలి. ప్రతి ప్లేటు మీదా మామూలు అక్షరాలు, వాటి కింద చూపు లేనివాళ్ళు వేలితో చదువుకునే బ్రెయిలీ చుక్కలు. పై అధికారి వచ్చి ప్రారంభిస్తాడట. వారం రోజులే గడువు.

ఆ ఆఫీసులో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ నడిపేది నాకు వరసకి మేనమామ. మా అమ్మ పుట్టిన ఊరివాడు, అంతకుమించి చుట్టరికం లేదు గాని నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఉండేది ఖరగ్‌పూర్‌లోనే, సుభాష్‌పల్లి పేటలో. ఊళ్ళో ఎవరి నంబరు అడిగినా పుస్తకం తెరవకుండా చెప్పేవాడు. చదవడం అంటే పిచ్చి. ఎక్కడినుంచో తెప్పించుకున్న దిండంత లావు బ్రెయిలీ పుస్తకాలు ఇంట్లో మంచం కింద వరసగా ఉండేవి. అప్పటికి ఆయనకి ఇంకా ఏడాది సర్వీసు ఉంది. సుగరు వ్యాధి వచ్చి పాదాలు కొంచెం మొద్దుబారాయి.

ప్లేట్ల సంగతి తెలిసి ఆయనే షాపుకి వచ్చాడు. కర్రతో గుమ్మం తడుముకుని, స్టూలు మీద కూర్చుని, చాలా సంతోషంగా ఉన్నాడు.

"ఒరే అల్లుడూ, ఒక్క అచ్చరం సేసినాక నాకు సూపించు. ఒక్కటంటే ఒక్కటి. మిగతాయి నీ ఇష్టం."

"అలాగే మావా. కాని లెక్కలన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి."

"ఇంటర్నెట్టుకి ఏలుందేటి?"

దాదా పకపకా నవ్వి ముగ్గురికీ టీ చెప్పాడు. మట్టి కప్పు రెండు చేతుల్తో పట్టుకుని మావ ఇంకో సంగతి చెప్పాడు. మేదినీపూర్ అవతల చూపు లేని పిల్లల బడి ఒకటి ఉంది. రిటైరయ్యాక వచ్చి పిల్లలకి బ్రెయిలీ నేర్పమని వాళ్ళు అడిగారు. ఉండటానికి గది కూడా ఇస్తారట. ఆయన, అత్త, ఇద్దరూ వెళ్ళిపోదామనుకుంటున్నారు.

"సిన్నపిల్లల ఏళ్ళు మైదా ముద్దల్లాగుంటాయిరా. ఏటి పెడితే అది అచ్చు పడిపోద్ది. ఇన్నాళ్ళూ ఫోన్లు కలిపినాను. ఇప్పుడు అచ్చరాలు కలుపుతాను."

ఆయన ఒక పనిని అంతగా కోరుకోవడం నేను అదివరకు చూడలేదు.

ఆయనకి ఒక్క అక్షరం చూపించి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. ఎందుకంటే నేను చేసిన మొదటి అక్షరం సరైనదే.

బ్రెయిలీ అక్షరం ఒక చిన్న గడి. అందులో నిలువుగా రెండు వరసలు, వరసకి మూడు చుక్కలు పట్టే చోటు ఉంటుంది. ఏ చోట చుక్క ఉందో ఏ చోట లేదో దాన్నిబట్టి అక్షరం. ఇంటర్నెట్ నుంచి తీసిన లెక్కల కాగితం ప్రకారం అక్షరం లోపల రెండు వరసల మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లు. ఒక అక్షరానికీ పక్క అక్షరానికీ మధ్య మూడున్నర. మొదటి అక్షరానికి ఈ అంకెలు నేను టైపు చేసి పెట్టాను, కాబట్టి గళ్ళు అడ్డం రాలేదు. ఆ తర్వాత పని తొందరలో పడింది. చుక్కని కాపీ చెయ్యడం, మౌస్‌తో లాక్కెళ్ళి పెట్టడం. తెర మీది నా గళ్ళ కొలత ఒక మిల్లీమీటరు. రెండున్నర దగ్గర పెట్టబోయిన ప్రతి చుక్కా మూడు దగ్గరకి జరిగి కూర్చుంది. ఆల్ట్ మీట నొక్కాలని నాకు తోచలేదు. వందల చుక్కలు. చెయ్యి ఒక తీరున పడిపోయింది.

మొదటి ప్లేటు కాగితం మీద అచ్చు తీసి చూస్తే ఒక్క అక్షరం తేడాగా కనపడింది. మొదటిది. అది ఇరుగ్గా ఉంది. మిగతావన్నీ వరసకీ వరసకీ మధ్య మూడేసి మిల్లీమీటర్లతో, రివెట్లు కొట్టినట్టు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే ఎడంతో సాగిపోతున్నాయి. స్కేలు పెట్టి చూశాను. లెక్కల కాగితం కూడా పక్కనే ఉంది. రెండున్నర, మూడున్నర, రెండున్నర, మూడున్నర. ఎవరో సరిగ్గా కొలవకుండా రాసి ఉంటారు, రెండూ మూడే అయివుంటాయి అనుకున్నాను. ఆ అనుకోవడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. తప్పు చుక్కలు ఎక్కువ ఉన్నాయి, ఒప్పు చుక్కలు ఒక్క అక్షరంలోనే ఉన్నాయి. ఆ ఒక్క అక్షరాన్నీ లాగి మిగతావాటితో కలిపేశాను.

దాదా కాగితం వెలుతురుకి పట్టి చూసి, "బాహ్! ఖూబ్ షుందర్" అన్నాడు. అందం విషయంలో ఆయన మాట నిజమే.

కాగితాలు ప్లాస్టిక్ ప్లేట్లకి అంటించి, నాన్న పంచ్‌తో గుర్తులు కొట్టి, సన్నటి డ్రిల్లుతో బెజ్జాలు వేసి, కోల్‌కతా నుంచి తెప్పించిన ఆవగింజంత స్టీలు గుండ్లు ఒక్కొక్కటీ నొక్కి దిగ్గొట్టాను. నాలుగు రోజులు అదే పని. మావకి చూపించడానికి తీరలేదు. తీరలేదు అని రాశాను గాని, ఆయన ఆఫీసు మా షాపుకి సైకిల్ మీద పది నిమిషాల దూరం.

ప్రారంభం రోజున నన్నూ రమ్మన్నారు. వరండాలో షామియానా, పూలదండలు, ఫోటోలు తీసేవాడు. పై అధికారి రిబ్బను కత్తిరించాక మొదటి ప్లేటు మావ చేతే చదివించాలన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తన గది తలుపు మీదున్న ప్లేటు దగ్గరికి తీసుకెళ్ళారు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.

ఆయన కుడిచేతి చూపుడు వేలు ఎడమ చివర పెట్టి జరిపాడు. మధ్యలో ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ జరిపాడు. మళ్ళీ వెనక్కి వచ్చింది. మూడోసారి వేలు మొత్తం ప్లేటు మీద ఒక్కసారి నిమిరి, గొంతు సవరించుకుని, గట్టిగా, "ఎక్స్‌ఛేంజ్" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. తన గదికి ఆ పేరే ఉంటుందని ఆయనకి తెలియదా? చదవకుండానే చెప్పాడని అక్కడ నాకొక్కడికే తెలిసింది. అధికారి ముచ్చటపడి పక్క గది ప్లేటు కూడా చదవమన్నాడు. మావ నవ్వాడు.

"సాబ్, సుగర్ హై నా. ఆజ్ ఉంగ్లీ కామ్ నహీఁ కర్ రహీ."

వేలు పని చెయ్యడం లేదన్నాడు. అది హాస్యం అనుకుని వాళ్ళూ నవ్వారు.

షాపుకి వచ్చి ఫైలు తెరిచాను. లెక్కల కాగితం మళ్ళీ తీశాను. ఈసారి అంకెలు కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాను. అక్షరం లోపలి ఎడం కన్నా అక్షరాల మధ్య ఎడం ఎక్కువ ఉండాలి, లేకపోతే ఒక అక్షరం ఎక్కడ ఆగిందో వేలికి తెలియదు అని ఉంది. అక్షరం లోపల అర మిల్లీమీటరు పెరిగింది, అక్షరాల మధ్య అర మిల్లీమీటరు తగ్గింది. అక్షరాలన్నీ కరిగి ఒక చుక్కల పట్టీ అయిపోయాయి. కంటికి అందంగా ఉంది. వేలికి అందులో ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్న దాదా రాగానే చెప్పాను. ఆయన జిరాక్సు మిషను ఆపేసి నావైపు తిరిగాడు. ప్లేట్లన్నీ తలుపులకి బిగించేశారు, ఫోటోలు అయిపోయాయి, అధికారి మెచ్చుకున్నాడు, ఇప్పుడు పోయి అన్నీ తప్పని చెబితే ఇంక ఆ ఆఫీసు గుమ్మం ఎక్కనివ్వరు అన్నాడు. "ఆ బిల్డింగులో అవి చదివేది ఎంతమంది? ఒక్క మనిషి. ఆయనకి గదులన్నీ అడుగులతో సహా తెలుసు. ఏడాదిలో రిటైరైపోతాడు. ఛేడే దావ్ భాయ్." వదిలెయ్యమన్నాడు. ఇది రాసి ఆయన మీద నెట్టేద్దామని కాదు. ఆయన నన్ను వదిలెయ్యమన్నాడు గాని అబద్ధం చెప్పమనలేదు.

పదకొండు గంటలకి మావ వచ్చాడు. అంత ఎండలో నడిచే వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయింది. స్టూలు చూపిస్తే కూర్చోలేదు.

"అల్లుడూ, నిజం సెప్పు. ఆ పలేటు సరిగ్గానే ఉందా?"

దాదా తల తిప్పుకుని ఏదో కాగితం సర్దుతున్నాడు.

"ఎందుకు మావా?"

"సుక్కలు తగుల్తన్నాయి. అచ్చరం తగల్డం నేదు. రాత్రంతా ఆలోసించినాను. నీ పలేట్లోనే తేడా ఉంటే సెప్పీ, నానేటీ అనుకోను. నవ్వుకుంటాను. అది కాదంటే నా ఏలు పోయినట్టే గదా."

"కొలిచాను మావా" అన్నాను. "స్కేలు పెట్టి కొలిచాను. వెంట్రుకంత తేడా లేదు."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అన్నీ సరిగ్గా మూడు మిల్లీమీటర్లే. ఆ మాటని అంత జాగ్రత్తగా ఎలా కూర్చానో నాకిప్పటికీ తెలియదు. నా పనిలో తప్పు ఉండదని ఇరవై మంది పిల్లల ముందు చెప్పుకునేవాణ్ణి. ఆ పేరు పోతుందని భయపడ్డానా, దాదా ముఖం చూసి భయపడ్డానా, రేపు చెబుదాంలే అనుకున్నానా? మూడూ ఉండి ఉంటాయి.

ఆయన తల ఊపాడు. "సరే అయితే" అన్నాడు. చూపుడు వేలితో బొటనవేలిని రెండుమూడుసార్లు రుద్దుకున్నాడు. తర్వాత కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో పాత పుస్తకాలున్నాయి కదా, వాటితో వేలు పరీక్షించుకోలేదా అని మీరు అడగొచ్చు. నేనూ అదే ఆశపడ్డాను. ఒకసారి అత్త బజార్లో కనపడితే చల్లగా అడిగాను. "అయన్నీ ఆయనకి కంఠతా గదా బావూ. ఏలెట్టకముందే నోటికొచ్చేస్తాయి, అది సదవడమేటి అంటన్నారు. మంచం కిందనించి తియ్యడం మానేసినారు" అంది.

రిటైరయ్యాక ఆయన ఆ బడికి వెళ్ళలేదు. వాళ్ళు మనిషిని పంపితే, వేలు పోయినవాడు పిల్లలకి ఏం నేర్పుతాడని తిప్పి పంపేశాడట. ఆ కబురు తెలిసిన రోజున కూడా నేను సుభాష్‌పల్లి వెళ్ళలేదు. తర్వాత వెళ్ళడం ఇంకా కష్టమైంది. ఆ వీధి తప్పించి వేరే దారిలో ఇంటికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఊళ్ళో ఎదురైతే గొంతు వినపడకుండా పక్కకి తప్పుకునేవాణ్ణి. చూపు లేని మనిషి నుంచి తప్పించుకోవడం చాలా తేలిక. అది తేలిక కావడమే నన్ను ఎక్కువ పాడుచేసింది.

దాదా షాపు మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను అక్కడా ఇక్కడా కొన్నాళ్ళు చేసి మానేశాను. నాకూ సుగరు వచ్చింది.

మొన్న వానాకాలంలో డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నాను. పిలిస్తే లోపలికి వెళ్ళాను, అక్కడ ముందున్న మనిషిది ఇంకా అవ్వలేదు. మావ. పక్కన అత్త. డాక్టరు ఆయన పాదాల మీదా వేళ్ళ మీదా సన్నటి దారంలాంటిది ఆనిస్తూ తగిలిందా అని అడుగుతున్నాడు. పాదాలకి తగలలేదు. వేళ్ళకి ఆనించిన ప్రతిసారీ ఆయన తల ఊపుతున్నాడు.

"చేతులు బాగున్నాయి. ఏ ఇబ్బందీ లేదు" అన్నాడు డాక్టరు.

మావ నవ్వాడు. "డాక్టర్ బాబూ, మీకు దారం తెలుసు. నా ఏలు సంగతి నాకు తెల్దా? ఏడేళ్ళ కిందటే పోయింది."

ఆయన డాక్టరు మాట నమ్మడం లేదు. నా మాట నమ్ముతున్నాడు. నేను నా చీటీ తీసుకోకుండా బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఒక ప్లేటు చేశాను. ఒక్కటే. తెలిసినవాళ్ళ కంప్యూటరు మీద కూర్చుని, గళ్ళు పూర్తిగా తీసేసి, ప్రతి చుక్కకీ అంకె టైపు చేశాను. రెండున్నర, మూడున్నర. నాన్న పంచ్ ఇంకా ఇంట్లోనే ఉంది. కళ్ళు సరిగ్గా కనపడక రెండు ప్లేట్లు పాడుచేసి మూడోది చేశాను. ఏం రాయాలని చాలాసేపు ఆలోచించాను. ఆయనకి తెలిసిన మాట పెడితే చదవకుండానే చెప్పేస్తాడు. ముందుగా ఊహించలేని మాట కావాలి. నా నోటితో చెప్పలేనిది కూడా అదే.

సుభాష్‌పల్లిలో ఆయన వరండాలో కుర్చీ వేసుకుని రేడియో వింటున్నాడు. అత్త గుమ్మంలో కత్తిపీట మీద బీరకాయలు తరుగుతోంది.

"ఎవులు?"

"నేనే మావా."

"ఓహో, గిరిడ్డు గారా! దారి తప్పి వొచ్చినావేటి? టోటో రిక్షావోడు ఇటు దింపీసినాడా?"

నేను ప్లేటు ఆయన ఒళ్ళో పెట్టాను. చేత్తో పట్టి చూసి, వెంటనే అంచుల దగ్గరే ఆగిపోయాడు.

"ఇదేటి? నాకెందుకిది? నా ఏలు పోయిందని తెల్దేటి నీకు?"

"ఒక్కసారి పెట్టు మావా."

"ఏలాకోలమా?"

"కాదు. ఒక్కసారి పెట్టు."

రేడియో ఆపమని అత్తకి చెప్పాడు. వేలు ఎడమ చివర పెట్టాడు. వేలు కదిలింది. వెనక్కి రాలేదు. పెదవులు కదులుతున్నాయి. ఒక్కో అక్షరం, తర్వాత మాట. ఇంగ్లీషులో నాలుగు మాటలు, రెండు వరసలు.

"ప్లేట్స్ రాంగ్" అన్నాడు. కింది వరసకి దిగాడు. "ఫింగర్ రైట్."

కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. ఆయన మళ్ళీ మొదటినుంచి చదివాడు, ఈసారి గబగబా, మనం వీధి బోర్డు చదివినట్టు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"ఆ రోజు నుంచే."

"నాను షాపుకొచ్చి అడిగినపుడు?"

"అప్పటికే తెలుసు మావా."

"కొలిసినానన్నావు."

"కొలిచాను. అన్నీ సమానంగా ఉన్నాయి. సమానంగా ఉండకూడదు."

"సమానంగా!" అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "సందు నేకపోతే మాటెలగవుద్దిరా? నువ్వు మాటాడినపుడు ఊపిరి తీసుకోవా?"

అత్త లేచి వచ్చింది. ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను, కొట్టి ఉంటే బాగుండేది. "ఏడేళ్ళు ఈ మనిషి సేతికి కత్తి ఇవ్వనేదు నాను" అంది. "ఏడి నీళ్ళు ముట్టనివ్వనేదు. మాత్తర్లు నానే పెట్టినాను. ఏలు తెగినా తెలీదని బయపడి సచ్చినాను. నీకు నోరు నేదేటిరా? నీకు కాళ్ళు నేవేటి?" అరవడం లేదు. మామూలుగానే అడిగింది.

మావ చెయ్యి చాపాడు. "ఆ బీరకాయలిటు తే."

"ఏటి?"

"తే అంటన్నాను గదా. రేపట్నించి కూరలు నానే తరుగుతాను. మరి ఏలు బాగుందంటన్నారు."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది, గాని కత్తిపీట ఇవ్వలేదు. ఆయన ఇంకా చెయ్యి చాపే ఉన్నాడు. తర్వాత ఆ చెయ్యి నావైపు తిప్పాడు.

"ఫోనుందా? డయల్ సెయ్యి." నంబరు చెప్పాడు. ఏడేళ్ళ కింద ఆ బడి వాళ్ళు ఇచ్చిన నంబరు. ఒక్క అంకె దగ్గర కూడా ఆగలేదు. వెళ్ళనని చెప్పేసిన చోటి నంబరు అన్నాళ్ళు దాచుకున్నాడు.

కలిపి చేతికిచ్చాను. ఈ నంబరు వాడుకలో లేదని బెంగాలీలో చెప్పారు, తర్వాత హిందీలో, తర్వాత ఇంగ్లీషులో. మూడూ పూర్తయ్యేదాకా ఆయన వినే ఉన్నాడు. ఆపరేటరు అలవాటు.

"నంబరు మారుంటాది" అన్నాడు ఫోను తిరిగిస్తూ. "కనుక్కో. అది నీ పని."

"అలాగే మావా."

"దానికన్నా ముందింకోటుంది. నా ఏలు పోయిందని ఈ ఊళ్ళో ఎంతమందికి సెప్పినానో తెలుసా? ఆఫీసోళ్ళకి సెప్పినాను. బడోళ్ళకి సెప్పినాను. డాక్టరుకి సెప్పినాను. ఈవిడికి రోజూ సెప్పినాను. ఆళ్ళందరి దగ్గరికీ నువ్వు తిరగలేవు. రాయి. పది మందీ సదివేసోట రాయి. రాసినాకే రా."

క్షమించానని ఆయన అనలేదు. నేను అడగలేదు.

ఆ ఇరవై ఆరు ప్లేట్లూ ఇంకా ఆ తలుపుల మీదే ఉన్నాయి. మొన్న వెళ్ళి ఆ ఆఫీసులో చెప్పాను. అక్కడ కూర్చున్న అమ్మాయి, ప్లేట్లు బాగానే ఉన్నాయి కదా అంకుల్, ఎంత నీట్‌గా ఉన్నాయో అంది. కాగితం మీద రాసి ఇమ్మంది, రాసిచ్చాను. ఊడదీసి కొత్తవి చేసిపెట్టడం నా బాధ్యత అని కూడా రాశాను. ఇంకా జవాబు రాలేదు.

ఈ పనిలో ఉన్న పిల్లలకి నేను చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు. గళ్ళు మంచివే, వాడుకోండి. కాని పని ఎవరి వేలి కిందికి వెళ్తుందో వాళ్ళకి ఒక్క అక్షరం ముందు చూపించండి. సైకిల్ మీద పది నిమిషాలే పడుతుంది.

బడి కొత్త నంబరు దొరికింది. ఇద్దరు ముగ్గురిని అడిగితే దొరికేసింది, అంత కష్టమేమీ కాలేదు. అక్కడ ఇప్పుడు వేరే టీచరు ఉన్నారో, ఆయన చోటు ఇంకా ఖాళీగా ఉందో నాకు తెలియదు. అడగలేదు. ఆ మాట ఆయనే అడగాలి. బడి ఆఫీసు పొద్దున్న పది గంటలకి తెరుస్తారట. రాయడం అయిపోయిందని మావకి కబురు పెట్టాను. ఫోను తీసుకుని రేపు తొమ్మిదిన్నరకే రమ్మన్నాడు.